దహబో ఎవరి మనిషి

బ్రిస్టల్‌లో మా లార్క్ టవర్‌కి పదహారు అంతస్తులు, రెండు లిఫ్టులు. ఒకటి రెండేళ్ళ కిందట ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. రెండోది వారంలో నాలుగు రోజులు నడుస్తుంది. ఏ నాలుగు రోజులన్నది దాని ఇష్టం. దహబో గూలేద్ ఇల్లు పదకొండో అంతస్తులో. ఆమె భర్త సుగూల్లెకి రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆస్పత్రి బండి పొద్దున ఏడింటికి కింద వచ్చి నిలబడుతుంది. పదిహేను నిమిషాలు చూస్తుంది. తర్వాత వెళ్ళిపోతుంది.

లిఫ్టు నడవని రోజున సుగూల్లెని వంటగది కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుని దిగుతాం. నూట డెబ్బయ్యారు మెట్లు. పార్సెళ్ళ గోడౌన్‌లో డ్యూటీ దిగి నేను ఇల్లు చేరేది సరిగ్గా ఆ వేళకే కాబట్టి కుర్చీ వెనక కుడికాలు ఎప్పుడూ నా వంతు. సుగూల్లె ఒకప్పుడు ఓడల్లో వంటవాడు. మనిషి ఒడ్డున పడి ఇరవై ఏళ్ళయినా నోరు మాత్రం ఇంకా సముద్రంలోనే ఉంది.

"మెల్లిగా దింపండ్రా! పార్లమెంటు కుర్చీ అనుకున్నారా, తలోవైపూ లాగుతున్నారు?"

"బాబాయ్, నువ్వు కాసేపు మాట్లాడకపోతే రెండు కిలోలు తగ్గుతావ్."

"మీ బలం చూస్తే ఏడుపొస్తోందిరా. మా రోజుల్లో ఒక్కొక్కడు ఒంటె పిల్లని భుజానేసుకుని వాగు దాటేవాడు."

"ఒంటె పిల్ల ఊరుకుంటుంది బాబాయ్. దారి పొడుగునా సలహాలివ్వదు."

దహబో ముందు నడిచేది. మలుపు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి "ఎడమకి... ఇంకా ఎడమకి... ఆగండి... ఇప్పుడు" అనేది. అంతకుమించి మాట్లాడేది కాదు. పొట్టి మనిషి, పెద్ద చేతులు. బడి వంటగదిలో రోజూ మూడొందల మంది పిల్లలకి అన్నం వండే చేతులు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం ఏం జరిగిందంటే, ముందురోజు మేం వదిలొచ్చిన మా దేశంలో ప్రభుత్వం పడిపోయింది. అది మామూలే. కానీ కుర్చీ మోయాల్సిన నలుగురిలో ముగ్గురు తెల్లారకుండానే ఎదురుగా ఉన్న కుంటి ఫారహ్ టీకొట్టులో చేరారు. కొత్త ప్రధానమంత్రి ఏ తెగవాడు కావాలో అక్కడ తేలుస్తున్నారు. నేను ఒక్కణ్ణే పైకెళ్ళాను. ఆ ముగ్గుర్నీ పిలుచుకురావడానికి దహబో మెట్లన్నీ దిగింది. వాళ్ళు "వస్తున్నాం వదినా, ఒక్క మాట" అన్నారు. ఆ ఒక్క మాట ఇరవై నిమిషాలు పట్టింది. ఆస్పత్రి బండి వెళ్ళిపోయింది.

ఆదివారానికి సుగూల్లె ఊపిరితిత్తుల్లోకి నీళ్ళొచ్చాయి. ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంకోసారి తప్పితే మేము చెప్పలేం అని డాక్టరమ్మ దహబోతో నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. దహబో ఏడవలేదు. ఇంటికొచ్చి నన్ను పిలిచి, "లిఫ్టు బాగుచేయించాలంటే ఎవర్ని అడగాలి?" అంది.

అడగాల్సింది హాజీ ఒబ్సియేని. మా టవర్ కమిటీకి ఎనిమిదేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. చెవులు పెద్దవి కాబట్టి పెద్దచెవులు అంటాం. మాలో పేరొక్కటే చాలదు. కుంటివాణ్ణి కుంటి అనే పిలుస్తాం, ఒంటికన్నువాణ్ణి ఒంటికన్ను అనే పిలుస్తాం, వాళ్ళు నవ్వుతూ పలుకుతారు. హాజీ చెడ్డవాడని నేననను. ఎవరు చనిపోయినా మొదట వచ్చేది ఆయనే. కాకపోతే మా టవర్‌కి సొంతదారైన ఇళ్ళ సంస్థ ఏటా ఒకే ఒక్క పెద్దపని చేస్తానంటుంది, అది ఏదో కమిటీని రాసివ్వమంటుంది. ఆ యేడు హాజీ కింద మేం మీటింగులు పెట్టుకునే హాలు రాయబోతున్నాడు. కొత్త తివాచీ, కొత్త పైకప్పు, గోడంత టీవీ. వేసవిలో మా దేశం నుంచి ఒక మాజీ మంత్రి వస్తున్నాడట, ఆయన్ని కూర్చోబెట్టడానికి.

కమిటీ ఎలా ఏర్పడుతుందో కూడా చెప్పాలి. మా దేశంలో పార్లమెంటుకి నాలుగున్నర లెక్క ఉంది. నాలుగు పెద్ద తెగలకి తలో వాటా, మిగిలినవాళ్ళందరికీ కలిపి అర. అంత గొప్ప లెక్కని మేం వదులుకోగలమా? సముద్రాలు దాటించి తెచ్చి బ్రిస్టల్‌లో ఈ టవర్‌కి తొడిగాం. ఇక్కడున్నవి మూడు శాఖలే, కాబట్టి మాది మూడున్నర. మగన్ వాళ్ళు, షిర్వా వాళ్ళు, ఎల్మీ వాళ్ళు, మిగిలినవాళ్ళు అర. హాజీ మగన్. సుగూల్లె షిర్వా. దహబో పుట్టింటివాళ్ళు ఎల్మీ. మా నాన్న మగన్, అమ్మ ఎల్మీ. అందుకే నేను దహబోని పిన్నీ అంటాను.

ఫారహ్ టీకొట్టులోకి ఆడవాళ్ళు రారు. రాకూడదని ఎవరూ రాసిపెట్టలేదు, రారంతే. అక్టోబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం దహబో వచ్చింది. బడి వంటగది నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ముసుగు కింద వంటవాళ్ళు పెట్టుకునే వలటోపీ ఇంకా ఉంది. కొట్టులో తలలన్నీ అటు తిరిగాయి.

"పార్సెలా అక్కా? ఫోన్ చేస్తే ఇంటికే పంపేవాణ్ణిగా," అన్నాడు ఫారహ్.

"పార్సెల్ కాదు. కూర్చోడానికొచ్చా."

ఎక్కడ కూర్చోవాలి? కిటికీ పక్కది మగన్ బల్ల, తలుపు పక్కది షిర్వా బల్ల, ఎల్మీ వాళ్ళు గోడవారన. దహబో ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని ఏ బల్లకీ చెందకుండా నడిమధ్యన, నేల తుడిచే బకెట్ పక్కన వేసుకుంది.

"రా అమ్మా దహబో," అన్నాడు హాజీ. "సుగూల్లెకి ఎలా ఉంది?"

"బతికున్నాడు హాజీగారూ. ఆ వారం మీ ప్రభుత్వమూ పడింది, మా ఆయనా పడ్డాడు. మా ఆయన లేచి కూర్చున్నాడు. మీ ప్రభుత్వం లేచిందా?"

"ఇంకా లేదమ్మా, చర్చలు సాగుతున్నాయి," అన్నాడు హాజీ చాలా గంభీరంగా. కుంటి ఫారహ్ మొహం తిప్పుకుని గ్లాసులు కడిగాడు.

"వచ్చిన పని చెప్తాను. ఈ యేడు పెద్దపని కింద లిఫ్టు రాయండి."

"లిఫ్టు ఎలాగూ వాళ్ళ బాధ్యతమ్మా. మనం అడక్కపోయినా చెయ్యాలి. హాలైతే అడిగితేనే వస్తుంది."

"రెండేళ్ళ నుంచి అడక్కుండానే ఉన్నాంగా. చేశారా?"

"చేస్తారు. కానీ మంత్రిగారు జూన్‌లో వస్తున్నారు. అంత పెద్దమనిషిని ఎక్కడ కూర్చోబెట్టమంటావ్, మెట్ల మీదా?"

"మెట్ల మీదే కూర్చోబెట్టండి. అక్కడే ఉంటున్నాం మేము. భోజనానికి మా ఇంటికి తీసుకురండి, పదకొండో అంతస్తుకి. వచ్చాక ఆయన మంత్రో మాజీనో ఆయనకే గుర్తుండదు."

అందరూ నవ్వారు. హాజీ కూడా నవ్వాడు, తర్వాత చెయ్యి ఊపి, "ఈ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుందమ్మా, ఎంతమందికి సర్దిచెప్పాలో," అన్నాడు.

"అయితే నేనే కూర్చుంటాను. ఎన్నిక నవంబరులోనేగా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. దహబో లేచి, కుర్చీ ఎక్కడిదక్కడ పెట్టి, తాగని టీకి కూడా చెల్లించి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే షిర్వా బల్ల దగ్గర పండగ మొదలైంది. ఎనిమిదేళ్ళుగా మగన్ వాళ్ళ కింద పడున్నారు వాళ్ళు. ఇప్పుడు తమ ఇంటి కోడలు నిలబడింది. "మా వదిన" అన్నారు, "మా కోడలు" అన్నారు. ఫారహ్ దగ్గర బిల్లుల పుస్తకం తీసుకుని వెనకవైపు మూడు గళ్ళు గీశారు. మగన్, షిర్వా, ఎల్మీ. పక్కన సన్నగా అర. ఒక్కొక్క ఇంటి నంబరూ ఏ గడిలో పడుతుందో రాశారు. అద్దె పుస్తకంలో మొగుడి పేరు, పెళ్ళాం పేరు రెండూ ఉంటే ఇంటికి రెండు ఓట్లు. అరవై నాలుగో నంబరు మగన్, రెండు. డెబ్బయ్యో నంబరు షిర్వా, రెండు. అలా తొంభై ఆరు ఇళ్ళూ గంటలో అయిపోయాయి. నేను చూస్తూనే ఉన్నాను. అందులో ఉన్న తప్పు నాకూ కనపడలేదు.

మా ఎన్నికలు ఎప్పుడూ చేతులెత్తించే జరిగేవి. ముందు పెద్దలు మాట్లాడుకుంటారు, తర్వాత అందరూ చేతులెత్తుతారు, పెళ్ళాం చెయ్యి ఎటు లేస్తుందో మొగుడు చూస్తాడు. ఇళ్ళ సంస్థ నియమాల పుస్తకం నలభై పేజీలది. టవర్ మొత్తం మీద దాన్ని చదివింది నేనొక్కణ్ణే, అదీ గోడౌన్‌లో విరామంలో చదవడానికి వేరే ఏమీ లేక. అద్దెకున్నవాళ్ళలో ఏ ఒక్కరు రాతపూర్వకంగా అడిగినా కాగితాల మీద రహస్యంగా ఓటు వేయించాలని అందులో ఉంది. దహబోకి చెప్పాను.

"ఎంతమంది అడగాలి?"

"ఒక్కరు చాలు."

"రాయి. ఆ ఒక్కరూ నేనే."

సంతకం ఆమె తనే పెట్టింది. దహబో గూలేద్ అని పొడుగ్గా, అక్షరం అక్షరం విడిగా.

ఎన్నిక ఇంకా మూడు వారాలుందనగా, ఆదివారం మధ్యాహ్నం షిర్వా పెద్దలు ముగ్గురు దహబో ఇంటికొచ్చారు. ఒంటికన్ను హాషి ముందు. ఎనభై ఏళ్ళ మనిషి పదకొండు అంతస్తులు ఎక్కి వచ్చి, ఐదు నిమిషాలు నోట మాట రాకుండా కూర్చున్నాడు. ఆ ఐదు నిమిషాలే దహబో తరఫున ఎవరైనా చేసిన గట్టి ప్రచారం. ఆమె సంబూసాలు వేయించి, యాలకులూ దాల్చినచెక్కా వేసిన టీ తెచ్చింది. నేను సుగూల్లె మందుల చీటీ చదివి చెప్పడానికి వచ్చి అక్కడే ఉండిపోయాను.

"కోడలా," అన్నాడు హాషి, ఊపిరి అందాక. "ఒక ఒంటెకి ఇద్దరు కాపరులైతే ఒంటె బావి చేరదు."

"నిజమే తాతా. టీ తీసుకోండి."

"హాజీ మనతో మాట్లాడాడు. ఉపాధ్యక్ష పదవి షిర్వాకి ఇస్తానన్నాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. నువ్వు నిలబడ్డావు కాబట్టే వచ్చింది, ఆ గొప్ప నీదే. ఇక నువ్వు తప్పుకుంటే పని అయిపోతుంది."

"లిఫ్టు?"

"లిఫ్టు వచ్చే యేడు."

దహబో పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. "మా ఆయన వచ్చే యేడు దాకా ఆగాలంటారు."

"అలా కాదమ్మా. మా మనిషివి కాబట్టి అడుగుతున్నాం. బయటివాళ్ళయితే ఇన్ని మెట్లెక్కి వస్తామా?"

"నేను మీ మనిషినా తాతా? నన్ను చేసుకుని ముప్పై ఏళ్ళయింది. నా పేరులోకి మీ పేరు ఎప్పుడైనా వచ్చిందా? రేపు నన్ను ఎవడైనా బండితో గుద్ది చంపితే నా రక్తానికి పరిహారం అడిగేది మీరా, మా నాన్న వాళ్ళా? పెళ్ళినాడు మీరే పాట పాడారు, ఎల్మీ పిల్లని తెచ్చుకున్నాం అని. తెచ్చుకున్న పిల్లని ఇవాళ మీ మనిషంటున్నారు, పని పడింది కాబట్టి."

హాషి ఉన్న ఒక్క కన్నుతో ఆమెని చూశాడు. "అంటే ఎల్మీ తరఫున నిలబడ్డావన్నమాట."

"లిఫ్టు కోసం నిలబడ్డాను. తినండి, చల్లారిపోతాయి."

వాళ్ళు వెళ్ళిపోయాక సుగూల్లె మంచం మీద నుంచి గొంతు సవరించుకున్నాడు.

"ఒసే, ఒక మాట. నేను మాటిచ్చేశాను."

"ఏమని?"

"హాజీకి ఓటేస్తానని. నిన్ననే వచ్చి అడిగారు. మా వాళ్ళ మధ్య కూర్చుని కాదనలేను కదా. కాదంటే రేపు నా శవాన్ని ఎవడు మోస్తాడు?"

దహబో గ్లాసులు పోగుచేస్తోంది. చెయ్యి ఆగలేదు. "శవాన్ని మోయడానికి బోలెడుమంది వస్తారు. బతికుండగా మోసేవాళ్ళు దొరక్కనే నేను తిరుగుతున్నా. నీ ఓటు నీది. ముందు ఆ మాత్ర వేసుకో."

"కోపమా?"

"కోపానికి టైము లేదు."

తర్వాత ఆమె ఎల్మీ పెద్దల దగ్గరికి వెళ్ళింది. గోడవార బల్లకి పెద్ద, గూరె అనే ఆయన, బస్సు డ్రైవరు, మంచి మాటకారి. కూర్చోబెట్టి, హల్వా పెట్టి, తన తండ్రి ఆమె తండ్రితో కలిసి ఒకే లారీలో సరుకు తోలిన రోజులు చెప్పాడు. ఆఖర్న అన్నాడు: "చెల్లెమ్మా, నువ్వు మా ఆడపడుచువి, కాదనేవాడు లేడు. కానీ నీ పిల్లలు షిర్వా. ఇవాళ మేం నిన్ను కూర్చోబెడితే ఆ కుర్చీ రేపు నీ కొడుక్కి పోతుంది. ఎల్మీ ఓట్లతో షిర్వా వాడు అధ్యక్షుడైతే నేను ఈ బల్ల దగ్గర తలెత్తుకుని టీ తాగగలనా?"

"అన్నా, నా కొడుకు కార్డిఫ్‌లో ఉంటున్నాడు. ఈ టవర్ పేరెత్తితేనే పారిపోతాడు."

"వారసత్వం వారసత్వమే చెల్లెమ్మా."

నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, కారే హాలు, తాళంచెవి ఒకటి: ఇదీ ఆ సింహాసనం. దాని వారసత్వం గురించి నడివయసు మగవాళ్ళు నిద్ర మానుకుని ఆలోచిస్తున్నారు. పుట్టింటికి ఆమె అత్తింటి మనిషి, అత్తింటికి పుట్టింటి మనిషి. నేనైతే ఆ రోజే వదిలేసేవాణ్ణి. వదిలేసి, మనవాళ్ళు బాగుపడరని నాలుగు పేజీలు రాసుకుని పడుకునేవాణ్ణి.

దహబో మర్నాడు ఫ్లాస్కు నిండా టీ పోసుకుని ఏడో అంతస్తు మలుపులో కూర్చుంది.

ఏడో అంతస్తు మలుపు మిగతావాటికంటే వెడల్పు. కిటికీ ఉంది, గోడకి వేడి గొట్టం ఉంది. పై అంతస్తుల ఆడవాళ్ళు సంచులతో, పిల్లల బండ్లతో ఎక్కుతూ అక్కడే ఆగుతారు. మగవాళ్ళకి టీకొట్టు ఉన్నట్టు ఆడవాళ్ళకి ఆ మలుపుంది, కాకపోతే ఊపిరాడక ఆగే చోటు కాబట్టి అక్కడ ఎవరూ ప్రభుత్వాలు కూల్చరు. సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటిదాకా దహబో అక్కడే. నేను గోడౌన్‌కి బయలుదేరే వేళ అదే కావడంతో చాలా మాటలు నా చెవినపడ్డాయి.

పద్నాలుగో అంతస్తు అర్దో వచ్చింది. కవల పిల్లలు, ఇద్దరు పట్టే బండి, రెండు సంచులు. మొగుడు మగన్, టాక్సీ నడుపుతాడు.

"కూర్చో. టీ తాగు. నువ్వు ఎవరి కూతురివి?" అంది దహబో.

"అదేంటక్కా, తెలీనట్టు అడుగుతావ్? ఇగల్ కూతుర్ని."

"ఏ ఇగల్?"

"ఇగల్ రోబ్లె. బెలెద్‌వెయ్న్‌లో వంతెన పక్క మందుల షాపు."

"ఇగల్ రోబ్లె కూతురు ఇద్దరు పిల్లల్నీ ఒక బండినీ పద్నాలుగు అంతస్తులు మోసుకెక్కుతుందని ఆయనకి తెలుసా?"

"ఎందుకు చెప్తాను? ఏడుస్తాడు."

"ఫారహ్ కొట్టులో ఒక కాగితం ఉంది. దాంట్లో మీ ఇంటిని మగన్ గడిలో రాశారు. రెండు ఓట్లు. నీది కూడా కలిపి."

అర్దో టీ గ్లాసు కిందపెట్టింది. "నన్నా? నన్ను మగన్ అని రాశారా?"

"రాశారు."

"ఎవర్నడిగి రాశారు? నేను మగన్ దాన్ని ఎప్పుడయ్యాను? వల్లాహి, దేవుడి మీద ఒట్టు, మా అత్తగారు పదేళ్ళుగా నేను చేసిన రొట్టె చూసినప్పుడల్లా బయటిదాని చెయ్యి అంటుంది. రొట్టె దగ్గర బయటిదాన్ని, ఓటు దగ్గర లోపలిదాన్నా?"

"నేనేం అనను. నీ ఓటు, నీ మెట్లు," అంది దహబో.

అప్పుడు తెలిసింది నాకు, ఆ గళ్ళ కాగితంలో తప్పు ఏమిటో. మాలో ఆడది పెళ్ళయినా పేరు మార్చుకోదు, తెగ మారదు. చచ్చేదాకా తండ్రి కూతురే. నడక రాని పిల్లలకి కూడా తెలిసిన సంగతి. టీకొట్టులో ఆ కాగితం గీసిన ప్రతివాడూ వాళ్ళమ్మ ఏ తెగదో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ ఇంటి నంబర్లు రాసేటప్పుడు సగం టవర్‌ని తప్పు గడిలో వేశారు. ఆడవాళ్ళు తమకి చెందరన్నది రొట్టె దగ్గర, పెళ్ళిళ్ళ దగ్గర, పంపకాల దగ్గర గుర్తుంటుంది. లెక్కపెట్టేటప్పుడు గుర్తుండదు.

రోజూ అదే పని. నువ్వు ఎవరి కూతురివి? నీ తాత ఎవరు? ఒక్కొక్కర్ని మొగుడి గడిలోంచి బయటికి లాగింది. రెండో వారం నేను ఉండబట్టలేక అడిగాను.

"పిన్నీ, ఈ తెగల గోలే మనల్ని తినేసిందని నేను గొంతు చించుకుంటుంటే నువ్వు మళ్ళీ తండ్రి పేరు, తాత పేరు తవ్వుతావేంటి? లిఫ్టుకి తెగేమిటి?"

"నువ్వు పుస్తకాలు చదివావు నాయనా. నిజమే చెప్తున్నావు. కానీ నాకు పది రోజులే ఉన్నాయి."

"ఇది అదే రోగం."

"రోగమే. మా ఆయనకి రోజూ గుప్పెడు మందులేస్తాను, వాటిలో సగం విషాలే. ఫ్లాస్కు ఇలా ఇవ్వు."

ఫ్లాస్కు అందించి గోడౌన్‌కి బయలుదేరాను.

ఎన్నిక రోజు హాలు నిండిపోయింది. పైకప్పు కారే చోట ఫారహ్ బకెట్ పెట్టారు. ఇళ్ళ సంస్థ నుంచి డేనియల్ అనే కుర్రాఫీసరు పెట్టె తెచ్చాడు. హాజీ పెట్టెని చూసి నొచ్చుకున్నాడు.

"ఎందుకు బాబూ ఇది? మేమంతా ఒక కుటుంబం. చేతులెత్తుతాం, టీ తాగుతాం, ఐపోతుంది."

"ఒకరు రాతపూర్వకంగా అడిగారండీ. అడిగితే తప్పదు."

హాజీ నలభై నిమిషాలు మాట్లాడాడు. ఐకమత్యం గురించి, పూర్వీకుల గురించి, రాబోయే మంత్రి గురించి. ఒంటికన్ను హాషి రెండుసార్లు నిద్రపోయి లేచాడు. దహబో వంతు వచ్చింది. లేచి నిలబడి, "నేను కూర్చుంటే లిఫ్టు రాస్తాను. మీకందరికీ పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు, మోకాళ్ళున్నాయి," అని కూర్చుంది.

మొత్తం నూట ఇరవై ఏడు కాగితాలు. డేనియల్ బల్ల మీద రెండు దొంతరలు పేర్చాడు. మగవాళ్ళంతా ముందుకి జరిగారు. షిర్వా, మగన్ కలిశారు కాబట్టి హాజీకి తొంభై దాటుతాయని గళ్ళ కాగితం చెప్తోంది. హాజీకి యాభై ఎనిమిది వచ్చాయి. దహబోకి అరవై ఆరు. మూడు చెల్లలేదు, వాటిలో ఒకదాని మీద ఎవరో ఇద్దర్నీ తిడుతూ నాలుగు పాదాల పద్యం రాశారు, ఛందస్సు తప్పకుండా.

మగన్ వాళ్ళు షిర్వా వైపు తిరిగారు.

"మాటిచ్చి తప్పారు!"

"ఎవరు తప్పారు? మావి మొత్తం వేశాం. తప్పింది మీలోనే!"

"ఎల్మీ వాళ్ళ పని ఇది. గూరె, నువ్వు రాత్రికి రాత్రి బేరం పెట్టావు!"

"నేనా? నేను నిలబడొద్దని చెప్పినవాణ్ణి!"

అలా గంటసేపు అరుచుకున్నారు, తర్వాత కొట్టులో వారం రోజులు అరుచుకున్నారు. ద్రోహి ఎవరో ఇప్పటికీ తేలలేదు. హాలు వెనకవైపు కుర్చీల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని నలభైమందికి పైగా కూర్చుని ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు అటు తిరిగి చూడలేదు.

హాజీ మాత్రం అరవలేదు. ఫైలూ తాళంచెవీ తెచ్చి దహబో చేతిలో పెట్టాడు. "ఎవరి ఓట్లమ్మా ఇవి?" అని అడిగాడు, నిజంగానే తెలియక.

"మెట్లెక్కేవాళ్ళవి హాజీగారూ."

ఆయన తల ఊపాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు.

సుగూల్లె హాల్లోనే ఉన్నాడు, ఆ రోజు లిఫ్టు దయతలిచింది కాబట్టి. "నేను నీకు వెయ్యలేదు సుమా. మాటంటే మాటే," అన్నాడు.

"తెలుసు."

"కానీ గెలిచావు."

"గెలిచాను. శాలువా కప్పుకో, గాలి కొడుతోంది."

గెలిస్తే అయిపోతుందని నేను అనుకున్నాను. మంగళవారం దహబో బడికి సెలవు పెట్టి ఇళ్ళ సంస్థ ఆఫీసుకి బయలుదేరింది, ఇంగ్లీషు కాగితాలు చదవడానికి నన్ను వెంట తీసుకుని. పెద్దపని అన్న చోట లిఫ్టు అని రాయించి, రెండూ అని పక్కన చేర్పించి సంతకం పెట్టింది. డేనియల్ కాగితం తీసుకుని అభినందనలు చెప్పాడు.

"ఎప్పుడు?" అంది దహబో. ఆమె ఇంగ్లీషు వంటగదిది. ఒక్కొక్క మాటే, కానీ ఎవరికీ అర్థం కాకుండా పోదు.

"వరసలో పెడతామండీ. మీకు ఉత్తరం వస్తుంది."

"తారీఖు?"

"ఇప్పుడే తారీఖు చెప్పడం మా పద్ధతిలో..."

"ఇక్కడ కూర్చుంటా."

కూర్చుంది. నంబర్లు పిలుస్తున్నారు, జనం వస్తున్నారు, పోతున్నారు. పన్నెండయింది. డబ్బా తీసి నాకూ రొట్టె పెట్టింది, పక్కనున్న ముసలాయనకీ పెట్టింది. డేనియల్ రెండుసార్లు వచ్చి సర్దిచెప్పాడు. రెండుసార్లూ ఆమె అతనికి సంబూసా ఇచ్చి, "తారీఖు?" అంది. రెండింటికి అతని పై అధికారి వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడింది. పద్ధతులు, పరిశీలనలు, కాంట్రాక్టర్లు. నేను అన్నీ వరసగా మా భాషలోకి మార్చి చెప్పాను. దహబో అంతా విని, డాక్టరమ్మ ఇచ్చిన కాగితం సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది.

"ఒక్కసారి తప్పితే, చనిపోతాడు," అంది. "సోమవారం, బుధవారం, శుక్రవారం. నాకు తారీఖులున్నాయి. మీకు?"

ఆ పెద్దావిడ కాగితం చదివి లోపలికెళ్ళింది. ఎవరికో ఫోన్ చేసిన మాటలు అద్దం వెనక నుంచి వినిపించాయి. నాలుగు కావస్తుండగా డేనియల్ సంస్థ పేరున్న కాగితం ఒకటి తెచ్చాడు. కింద పెద్దావిడ సంతకం, ముద్ర. దహబో నా చేతికిచ్చింది.

"చదువు."

"రెండు లిఫ్టుల పనీ ఫిబ్రవరి పన్నెండున మొదలవుతుంది అని ఉంది పిన్నీ."

ఆమె లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. "ఏ సంవత్సరం?"

చూశాను. "సంవత్సరం రాయలేదు."

దహబో కాగితాన్ని నెమ్మదిగా డేనియల్ వైపు జరిపింది. అతను జేబులోంచి పెన్ను తీశాడు.